పిల్లల్ని ఎత్తుకుపోయిన యక్షిణికే పిల్లల కాపలా

ఎండలు ముదిరేసరికి మన చిక్కబళ్ళాపురం వైపు మంచేనహళ్ళి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవార్ల జాతరలు మొదలవుతాయి. మారెమ్మ, గంగమ్మ, సప్పలమ్మ అని ఊరిని బట్టి పేరు మారుతుంది గానీ పని మారదు. ఆడవాళ్ళు తంబిట్టు (బియ్యప్పిండి) దీపాలు నెత్తిన పెట్టుకుని గుడికి పోతారు. వేపమండలు కడతారు. అంబలి, పెరుగన్నం నైవేద్యం పెడతారు. ఒళ్ళంతా పొక్కులు లేచిన పిల్లవాడిని చూస్తే ఇప్పటికీ ‘అమ్మవారు పోసింది’ అనే అంటారు. తెచ్చిందీ ఆమే, దిగిపొమ్మని అడిగేదీ ఆమెనే. ఇందులో తిరకాసు ఏదో ఉందని మనలో ఎవరికీ అనిపించదు.

బయటి నుంచి చూసేవాడికి మాత్రం అనిపిస్తుంది. రోగం తెచ్చే శక్తినే రోగం నుంచి కాపాడమని మొక్కడం ఏమిటి?

ఇది పాత ప్రశ్నే అయినా కోవిడ్ కాలంలో మళ్ళీ అందరి నోళ్ళలో నానింది. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల నడుస్తుండగా, కోయంబత్తూరులో ‘కరోనా దేవి’ విగ్రహం పెట్టి పూజలు చేశారు. టీవీల్లో అది ఒక వింతగా వచ్చిపోయింది. నిజానికి అక్కడ ప్లేగు మారియమ్మన్ గుడి ముందు నుంచే ఉంది. 1898లో ప్లేగు బెంగళూరుకు వచ్చినప్పుడు అక్కడా ప్లేగు మారెమ్మకు గుళ్ళు లేచాయి. కొత్త జబ్బు వస్తే ఆ జబ్బుకే ఒక తల్లిని చూసుకోవడం మన దక్షిణాదిలో కొత్తగా పుట్టిన అలవాటు కాదు.

బౌద్ధం కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొంది. మారెమ్మ విషయంలో మనం ఆచారంగా చేసుకుపోయేదాన్ని అది కథగా, షరతులతో సహా రాసిపెట్టింది. ఆ కథలోని దేవత హారీతి. ఆమెకు కృష్ణా లోయలో గుడి కూడా ఉండేది. ఆమె పని ఎలా నడిచేదో తెలిస్తే రోగానికీ దేవతకూ మధ్య ఉన్న లెక్క చాలావరకు అర్థమవుతుంది.

హారీతి యక్షిణి. యక్షులు అంటే చెట్టును, నీటిని, ఊరిని, దారిని అంటిపెట్టుకుని ఉండే స్థానిక శక్తులని పాతకాలపు నమ్మకం. వాళ్ళకు కోపమొస్తే కీడు, తృప్తి కలిగితే సంపద. హారీతి ఊరు మగధలోని రాజగృహం, ఇప్పటి బీహారులోని రాజగిర్. ఆమెకు 500 మంది కొడుకులని కథ. ఆమె రాజగృహంలోని పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తుకుపోయి తినేది. జనం బలులిచ్చారు, పండుగలు చేశారు. ఏమీ పనిచేయలేదు. చివరకు బుద్ధుడి దగ్గరికి వెళ్ళారు.

బుద్ధుడు ఆమెతో యుద్ధం చేయలేదు. ఆమె ఇంట్లో లేని సమయం చూసి, అందరికంటే చిన్నవాడు, ఆమెకు ప్రాణంతో సమానమైన ప్రియంకరుణ్ణి తన భిక్షాపాత్ర కింద దాచాడు. తల్లి తిరిగొచ్చింది. వెతికింది. ఊరూరూ తిరిగింది, దిక్కులన్నీ గాలించింది, గుండెలు బాదుకుంది. చివరకు బుద్ధుడి ముందుకొచ్చి పడింది. అయిదు వందల మందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకు ఇంత దుఃఖమా, ఒకరో ఇద్దరో ఉన్నవాళ్ళ పిల్లల్ని నువ్వు తీసుకుపోతే వాళ్ళకు ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. ఆమెకు అర్థమైంది. ఇక ఎవరి పిల్లల జోలికీ పోనని మాట ఇచ్చింది. బిడ్డను తీసుకుంది.

చిన్నప్పుడు విన్న నీతికథ అయితే ఇక్కడితో ముగిసేది. మూలసర్వాస్తివాదుల వినయం (భిక్షువుల నడవడి నియమాల గ్రంథం) ఇంకొక మెట్టు ముందుకు పోతుంది. నాకు అసలు ఆసక్తి కలిగించేది అదే. మాట ఇచ్చాక హారీతి ఒక గృహిణి అడగవలసిన ప్రశ్నే అడిగింది: మరి నేనూ నా పిల్లలూ ఏం తినాలి? ఆ ప్రశ్నను బుద్ధుడు కొట్టిపారేయలేదు. నా శిష్యులు ఉన్న ప్రతిచోటా భోజనానికి కూర్చునేటప్పుడు నీకూ నీ పిల్లలకూ పేరుపెట్టి ముద్ద తీసిపెడతారు, మీరు ఆకలితో ఉండరు, బదులుగా విహారాలనూ అందులో ఉండేవాళ్ళనూ మీరు కాపాడాలి అన్నాడు.

అంటే ఇది ఒప్పందం. ఒక వైపు రోజూ అన్నం, మరో వైపు రోజూ కాపలా. పాతకాలపు పల్లెల్లో తలారికి కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు, అతను రాత్రిళ్ళు ఊరు కాసేవాడు. కొలత ఆగితే కాపలా ఆగేది. హారీతి ఏర్పాటు అలాంటిదే. ఆమె స్వభావం మారిందని కథ చెబుతుంది, కానీ ఆ మార్పును ఒక్కదాన్నే నమ్ముకోదు. ఆకలికి కూడా దారి చూపుతుంది.

కథలో వెనక జన్మ ముచ్చట ఒకటి ఉంది. అప్పుడామె రాజగృహంలో మజ్జిగ అమ్ముకునే గొల్ల ఇల్లాలు, నిండు గర్భిణి. ఊళ్ళో ఉత్సవం జరుగుతుంటే జనం ఆమెను ఆటకు లాగారు. ఆడింది, గర్భం పోయింది. దగ్గరున్న మజ్జిగ ఇచ్చి 500 మామిడిపళ్ళు కొంది, వాటిని ఒక ప్రత్యేకబుద్ధుడికి (గురువు లేకుండా తనంతట తాను జ్ఞానం పొందిన వ్యక్తికి) సమర్పించింది. ఆ పుణ్యఫలంగా ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊరి బిడ్డల్ని తినాలని కోరుకుంది. కథ చెప్పినవాళ్ళు రాక్షసత్వానికి ముందు ఒక తల్లి కడుపుకోతను పెట్టారు. మన ఊళ్ళ అమ్మవార్ల కథల్లో కూడా అన్యాయం జరిగిన ఆడమనిషి చనిపోయి దేవత కావడం తరచూ వింటాం.

ఈ ఒప్పందం పుస్తకంలోనే ఉండిపోలేదు. క్రీ.శ. 7వ శతాబ్దం చివర్లో భారతదేశంలో ఏళ్ళతరబడి ఉన్న చైనా యాత్రికుడు ఇత్సింగ్ దాన్ని కళ్ళారా చూసి రాశాడు. విహారాల్లో హారీతి బొమ్మ భోజనశాల మూలనో, వసారాలోనో ఉంటుందన్నాడు. చంకలో బిడ్డ, మోకాళ్ళ చుట్టూ ముగ్గురో అయిదుగురో పిల్లలు. ప్రతిరోజూ ఆమె ముందు అన్నం పెడతారు. సంతానం లేనివాళ్ళు ఆమెకు నైవేద్యం పెట్టి మొక్కుకుంటే కోరిక తీరుతుందని నమ్ముతారని కూడా రాశాడు.

ఆమెను పెట్టిన చోటు గమనించాలి. ఆమె గర్భాలయంలో లేదు, స్తూపం పక్కన లేదు. అన్నం వడ్డించే చోట ఉంది. ఒప్పందంలోని మొదటి షరతు అన్నమే కాబట్టి ఆమె స్థానం అక్కడే. దీనితో విహారానికి ఒక లాభం కలిగింది. భిక్షువుల ధ్యానం, వాదం, శాస్త్రం అర్థం కాని పల్లె ఇల్లాలికి కూడా విహారంలో ఒక పని దొరికింది. పసిబిడ్డకు జ్వరమొస్తే, కడుపు పండకపోతే ఆమె అక్కడికి రావచ్చు. వచ్చేటప్పుడు బియ్యమో పండో తెస్తుంది. భిక్షువులకు అన్నం ఎక్కడి నుంచి వచ్చేదో ఆలోచిస్తే ఈ ఏర్పాటులోని తెలివి తెలుస్తుంది. నేను దీన్ని మోసం అనను. ఊరికి అవసరమైన దేవతను బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచి, బలి మాన్పించి, అన్నం పెట్టారు. కొత్త మతం ఒక ప్రాంతంలో వేళ్ళూనుకోవడానికి ఇంతకంటే మెత్తని దారి దొరకడం కష్టం.

శ్రీలంక గ్రంథం మహావంశంలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. అశోకుడి కాలంలో కాశ్మీర, గాంధార ప్రాంతాలకు వెళ్ళిన ధర్మప్రచారకుల ముందు పండక అనే యక్షుడు, భార్య హారీతితోనూ 500 మంది కొడుకులతోనూ కలిసి ధర్మం స్వీకరించాడని అందులో ఉంది. బౌద్ధం చాలాచోట్ల అక్కడి యక్షులను వెళ్ళగొట్టకుండా కొలువులో పెట్టుకుంది.

ఇక తెలుగు నేల సంగతి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయ 3వ, 4వ శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలతో పాటు కార్తికేయుడికి, అష్టభుజస్వామికి, సర్వదేవుడికి కట్టిన గుళ్ళు కూడా అక్కడ బయటపడ్డాయి. వాటి మధ్యనే హారీతి ఆలయం ఒకటి, దాని దగ్గర్లోనే మెట్లు మెట్లుగా కట్టిన రంగస్థలం. లోయ మునిగే ముందు కొన్ని కట్టడాలను అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. పల్నాడు జిల్లా మాచర్ల వైపు వెళ్ళేవాళ్ళు అక్కడ ఆ రంగస్థలాన్నీ, హారీతి ఆలయాన్నీ చూడవచ్చు.

ఇత్సింగ్ రాసినదానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ ఆమె భోజనశాల మూలన ఉన్న బొమ్మ మాత్రమే కాదు, సొంత గుడి ఉన్న దేవత. అంత ప్రాముఖ్యం ఎందుకు వచ్చింది? లోయలోని శాసనాలు కొంత సూచన ఇస్తాయి. అక్కడి బౌద్ధ కట్టడాలకు దానాలు ఇచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ముందున్నారు. మహాచైత్యాన్ని పోషించిన చాంతిసిరి రాజు చాంతమూలుడి తోబుట్టువు. విహారాలు కట్టించిన బోధిసిరి ఒక సాధారణ ఉపాసిక (గృహస్థురాలైన భక్తురాలు). రాజులు వైదిక యాగాలు చేస్తుంటే రాణులు, అత్తలు, కోడళ్ళు స్తూపాలు కట్టించారు. అదే లోయలో తల లేని మాతృదేవత శిల్పం ఒకటి దొరికింది. దాన్ని ఎహువల చాంతమూలుడి రాణి ఖందువుల చేయించింది. శాసనంలో ఆమె తన గురించి చెప్పుకున్న గొప్పలు రెండు: భర్త ఉన్నాడు, కన్నబిడ్డలు బతికి ఉన్నారు. రాణికి కూడా పుట్టిన బిడ్డ బతికి ఉండడం రాయి మీద చెక్కించుకోవలసినంత విశేషం. ఆ కాలపు తల్లుల భయం ఎంతటిదో ఈ ఒక్క వాక్యం చాలు చెప్పడానికి. ఆ శిల్పం హారీతిది కాదు. కానీ హారీతి గుడికి నడిచిన ఆడవాళ్ళను అక్కడికి నడిపించిన భయం ఇదే అయ్యుంటుంది.

నాగార్జునకొండలోనే ఇంకొక ఆధారం ఉంది. ఒక విహారంలో దొరికిన శాసనంలో ‘విగతజ్వరాలయం’ అనే మాట కనిపిస్తుంది. జ్వరం తగ్గినవాళ్ళు తేరుకునేందుకు కేటాయించిన చోటు అని పండితులు దానికి అర్థం చెప్పారు. అంటే ఒకే లోయలో జ్వరపీడితులకు ఒక వసతి, పిల్లల తల్లికి ఒక గుడి. ఒకటి వైద్యం, ఇంకొకటి నమ్మకం అని ఈనాడు మనం గీత గీస్తాం. ఆ లోయలో మనుషులు రెండింటికీ వెళ్ళి ఉంటారు. ఇప్పుడు మన ఇళ్ళలో గౌరిబిదనూరు ఆస్పత్రిలో సూది వేయించి, దారిలోనే అమ్మవారికి ముడుపు కట్టి వస్తున్నామా లేదా?

అనకాపల్లి దగ్గరి శంకరంలో, బొజ్జన్నకొండ అడుగున కూడా హారీతిగా గుర్తించిన బొమ్మ ఉంది. ఆ కొండను 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. తెలుగు నేల దాటితే ఒడిశాలో రత్నగిరి, లలితగిరి, మహారాష్ట్రలో అజంతా. అజంతా 2వ గుహలో భర్త పాంచికుడితో (మహావంశం పండక అన్నది ఇతన్నే) కూర్చున్న హారీతి కోసం ఒక గదే ఉంది. 5వ శతాబ్దం చివరిది. పై మూలల్లో ఒకవైపు బుద్ధుడి మీదికి ఉరికి వస్తున్న హారీతి, మరోవైపు తలవంచి మొక్కుతున్న హారీతి. నాకు నచ్చేది మాత్రం పీఠం మీద చెక్కిన పిల్లల వరస. ఒక చివర బెత్తం పట్టుకున్న పంతులు, దగ్గర కూర్చున్నవాళ్ళు బుద్ధిగా చదువుతుంటారు. పంతులికి దూరం పెరిగేకొద్దీ చదువు తగ్గి ఆట పెరుగుతుంది. రోగాల దేవత కాళ్ళ దగ్గర ఆరోగ్యంగా అల్లరి చేసే పిల్లలు. అడిగినది దొరికితే ఎలా ఉంటుందో శిల్పి చూపించాడు.

ఇప్పుడు జబ్బు గురించి. రాజగృహం కథలో ఫలానా రోగం అని పేరు లేదు. పిల్లలు మాయమయ్యారని మాత్రమే ఉంది. ఇది అంటువ్యాధికి, ముఖ్యంగా మశూచికి కథారూపమని చాలామంది పండితులు ఊహించారు. గాంధార శిల్పాల మీద పనిచేసిన ఫ్రెంచి పండితుడు ఫూషే వాళ్ళలో ఒకడు. హారీతిని బుద్ధుడు లొంగదీసుకున్న చోటంటూ 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ గాంధారలో ఒక స్తూపాన్ని పేర్కొన్నాడు. పెషావరు దగ్గరి చార్‌సద్దా ప్రాంతంలోని ఒక దిబ్బే అదని ఫూషే గుర్తించాడు. పిల్లల జబ్బులు పోవడానికి తల్లులు ఆ దిబ్బ మన్ను తీసుకుపోతున్న సంగతి కూడా ఆయన నమోదు చేశాడు. బౌద్ధం పోయి, ఊరంతా ముస్లింలైన తరువాత కూడా ఆ మట్టి మీద నమ్మకం పోలేదు.

మశూచికీ తల్లీపిల్లల కథకూ ఎందుకు అంత బాగా కుదిరింది? దీనికి జీవశాస్త్రంలో ఒక కారణం ఉంది. మశూచి వైరస్ వల్ల వస్తుంది. సోకిన సుమారు 12 రోజులకు తీవ్రమైన జ్వరం, ఆ తరువాత రెండు మూడు రోజులకు పొక్కులు. పెద్దరకం మశూచి సోకినవాళ్ళలో పదిమందికి ముగ్గురు చనిపోయేవారు. బతికినవాళ్ళకు మచ్చలు మిగిలేవి, కొందరికి చూపు పోయేది. కానీ ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ దాదాపు రాదు. ఈ చివరి వాక్యంలోనే కీలకం ఉంది. జబ్బు తరచూ తిరిగే ప్రాంతంలో పెద్దవాళ్ళు చాలావరకు ఒకసారి తట్టుకుని బయటపడ్డవాళ్ళే. వాళ్ళకు రోగనిరోధక శక్తి (జబ్బును అడ్డుకునే గుణం) ఉంది. లేనిది కొత్తగా పుట్టినవాళ్ళకు. కాబట్టి అది వచ్చినప్పుడల్లా పిల్లల్నే ఏరుకున్నట్టు కనిపిస్తుంది. ఒక అల పోయాక ఊరు కొన్నేళ్ళు ప్రశాంతంగా ఉంటుంది. ఈలోగా కొత్త పిల్లలు పుడతారు. జబ్బు సోకగలిగినవాళ్ళ సంఖ్య తగినంత పెరిగాక, బయటి నుంచి ఒక్క రోగి వస్తే చాలు, మళ్ళీ అంటుకుంటుంది.

వైరస్ అంటే తెలియని ఊరికి ఇది ఎలా కనిపిస్తుందో ఊహించండి. పెద్దల్ని వదిలేసి పిల్లల్ని తీసుకుపోయే ఎవరో ఉన్నారు. కొన్నేళ్ళు శాంతించి మళ్ళీ వస్తారు. కొందరు పిల్లల్ని ముద్ర వేసి వదిలేస్తారు, ఆ పిల్లల జోలికి మళ్ళీ రారు. ఆకలి ఉన్న తల్లి, మాట మీద నిలబడే తల్లి అన్న బొమ్మ ఈ నడతకు అచ్చంగా సరిపోయింది. జనం అజ్ఞానంతో ఏదో అల్లుకున్నారని అనడం తేలిక. నిజానికి వాళ్ళు జబ్బు నడతను బాగా గమనించారు, కారణాన్ని మాత్రమే తప్పుగా చెప్పారు.

దేవతతో పాటు వచ్చిన నియమాల్లో కొన్ని పనికొచ్చాయి కూడా. అమ్మవారు ఉన్న ఇంటికి బయటివాళ్ళు రాకూడదు, ఆ ఇంటివాళ్ళు ఊళ్ళు తిరగకూడదు. గుమ్మానికి వేపమండలు కడితే అది హెచ్చరిక. రోగికి చల్లని, తేలికపాటి తిండి. సేవ చేసేది అంతకుముందు అమ్మవారు పోసి తగ్గినవాళ్ళయితే మంచిది. ఇవి అంటు వ్యాపించకుండా కొంత అడ్డుపడ్డాయి. అయితే జాతర పేరుతో జనం గుమిగూడినప్పుడు ఆ లాభం పోయేది. ఇక చావుల లెక్కను అవి పెద్దగా మార్చలేకపోయాయి. దాన్ని మార్చింది టీకా.

అందులో మన పాత మైసూరు రాజ్యానికి ఒక పేజీ ఉంది. 1796లో ఇంగ్లండులో జెన్నర్ గోమశూచి (ఆవులకు వచ్చే తేలికపాటి మశూచి) టీకాను పరీక్షించాడు. 1802 జూన్‌లో బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు వేసిన టీకా భారతదేశంలో మొదటిది. టీకా అంటే జనానికి భయం. ఆవు నుంచి వచ్చినది, మనిషి చేతి నుంచి మనిషి చేతికి పాకేది, ఎవరి ఒంటి నుంచి తీశారో తెలియనిది. అలాంటి సమయంలో, 1805 ప్రాంతంలో, థామస్ హికీ గీసిన మైసూరు రాజకుటుంబపు స్త్రీల చిత్రం ఒకటి ఉంది. అందులో ఒక యువతి చీర చెంగు పక్కకు జరిపి ఎడమ భుజం చూపిస్తున్నట్టు నిలబడింది. అది టీకా వేసిన చోటును చూపించడమేననీ, ఆమె మూడవ కృష్ణరాజ ఒడెయరు రాణి దేవాజమ్మణి అనీ చరిత్రకారుడు నైజెల్ చాన్సలర్ వాదించాడు. అది నిజమైతే రాణి భుజమే ప్రకటన పలక అయింది. భారతదేశంలో మశూచి చివరి కేసు 1975 మేలో నమోదైంది. 1980 మే 8న ప్రపంచమంతటా అది అంతరించిందని ప్రకటించారు.

జబ్బు పోయింది. మరి దేవత? కాఠ్మండూలోని స్వయంభూ స్తూపం పక్కన హారీతి గుడి ఇప్పటికీ రద్దీగా ఉంటుంది. అక్కడి నేవారు బౌద్ధులు ఆమెను అజిమా (అమ్మమ్మ) అంటారు, హిందువులు శీతల అంటారు. ఒకే గుడి, ఒకే విగ్రహం, రెండు పేర్లు. ఒకప్పుడు మశూచి కోసం వచ్చినవాళ్ళు ఇప్పుడు పిల్లలకు నలతగా ఉంటేనో, దడుచుకుంటేనో, వాళ్ళ ఎదుగుదల బాగుండాలనో వస్తారు. ఆమె ఆవహించిందని చెప్పే ఆడ వైద్యులు ఆ లోయలో ఉన్నారు, వాళ్ళ దగ్గర కూడా ఎక్కువగా పిల్లల తల్లులే కనిపిస్తారు. జపానులో ఆమె పేరు కిషిమోజిన్, సుఖప్రసవానికీ పిల్లల ఎదుగుదలకూ ఆమెను మొక్కుతారు. పిల్లల గురించిన భయం మశూచితో పోలేదు కాబట్టి ఆమె కొలువు పోలేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. బౌద్ధంలో వైద్యానికి సంబంధించిన రూపం హారీతి ఒక్కతే కాదు. మహాయానంలో భైషజ్యగురువు ఉన్నాడు, నీలమణి రంగు శరీరం, టిబెటన్ చిత్రాల్లో చేతిలో కరక్కాయ కొమ్మ. మైసూరు జిల్లా బైలకుప్పెలోని టిబెటన్ మఠాల్లో ఆయన పూజ ఇప్పటికీ జరుగుతుంది. ఆయన బుద్ధుడు, అంటే గురువు, వైద్యుడు. కాపలా ఆయన పని కాదు. ఆయన సూత్రాన్ని చదివేవాళ్ళను కాపాడే బాధ్యత పన్నెండుమంది యక్ష సేనాపతులు తీసుకుంటారు. మళ్ళీ యక్షులే. నయం చేసేవాడు ఒకరు, గుమ్మం దగ్గర కాపు కాసేవాళ్ళు వేరే, ఆ కాపువాళ్ళు పూర్వం భయపెట్టినవాళ్ళ జాతి. హారీతితో కుదిరిన పద్ధతే ఇక్కడా ఉంది.

చివరకు మన వైపు ఎక్కువగా వినిపించే మాట ఒకటి. ‘మన ఊరి అమ్మవార్లందరూ ఒకప్పటి బౌద్ధ దేవతలే’ అంటారు. వినడానికి బాగుంటుంది. ఆధారం అడిగితే జారిపోతుంది. కన్నడ నేలలో బౌద్ధం ఉంది: గదగ దగ్గరి డంబళలో 1095 నాటి శాసనం సెట్లు కట్టించిన బుద్ధవిహారాన్నీ ఆర్యతారాదేవి ఆలయాన్నీ చెబుతుంది. కానీ అక్కడి దేవత తార, హారీతి కాదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతపు మారెమ్మనూ సప్పలమ్మనూ హారీతితో కలిపే శాసనమో శిల్పమో నా దృష్టికి రాలేదు. పోలిక ఉంది, కానీ పోలిక వేరు, వంశం వేరు. గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో బిడ్డల కోసం నాగరాళ్ళు ప్రతిష్ఠిస్తారు. అదీ హారీతి పనే. అందుకని ఆ రాళ్ళను బౌద్ధం అనలేం కదా.

పోలిక చూసేటప్పుడు తేడాలు కూడా చూడాలి. మారెమ్మ చాలా ఊళ్ళలో పొలిమేరలో ఉంటుంది, హారీతి విహారం లోపల అన్నశాలలో. మారెమ్మకు ఏటా ఒకసారి పెద్ద జాతర, చాలాచోట్ల బలి. హారీతికి రోజూ ఒక ముద్ద, రక్తం నిషేధం. మారెమ్మ జబ్బు తెచ్చే అధికారం వదులుకోలేదు, అందుకే ఆమెను వేడుకుని, చల్లబరచి, సాగనంపాలి. హారీతి దాన్ని వదులుకున్నట్టు ప్రమాణం చేసింది, ఆమెకు ఇచ్చే అన్నం ఆ ప్రమాణానికి కట్టే బాడుగ. రోగం, తల్లి, తిండి అనే మూడు దినుసులు ఒకటే. రెండు సమాజాలు వాటితో రెండు రకాల ఏర్పాట్లు చేసుకున్నాయి.

ఏర్పాటు ఆగిపోతే ఏమవుతుందో కూడా శంకరమే చూపిస్తుంది. బొజ్జన్నకొండ మీద భిక్షువులు పోయి వందల ఏళ్ళయింది. స్తూపం ఎవరిదో, బొమ్మ ఎవరిదో చెప్పేవాళ్ళు మిగలలేదు. చుట్టుపక్కల జనం కనుమ రోజున కొండెక్కి, అక్కడి ఒక రాతి కట్టడాన్ని రాక్షసుడి బొజ్జ అనుకుని రాళ్ళు విసిరేవారు. ఈమధ్య పురావస్తుశాఖ, వారసత్వ సంరక్షణ సంఘాలవాళ్ళు నచ్చజెప్పి దాన్ని మాన్పించారు. కనుమకు జనం ఇప్పుడూ వస్తారు, కొండ చూసి పోతారు.